ట్రయల్ గడువు ముగిసింది.. మీ బిల్లింగ్ లెక్కలు ఏమవుతాయి?

*ఉచిత ట్రయల్ ఆగిపోయినంత మాత్రాన జీఎస్టీ రిటర్న్ గడువు ఆగదు. సాఫ్ట్‌వేర్ లాక్ అయితే డేటా ఎక్కడుంటుంది? చట్టం ఏం అడుగుతుంది? ఖర్చు లేకుండా బయటపడే దారులేంటి?*

షాపు తెరిచినా, చిన్న సంస్థ మొదలుపెట్టినా ముందుగా కావాల్సిన వాటిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి. ఫోన్ నంబర్, ఈమెయిల్ ఇస్తే చాలు, ఏడు రోజులో పద్నాలుగు రోజులో నెల రోజులో ఉచితంగా వాడుకోమంటారు. మొదటి రోజు నుంచే అసలు బిల్లులు అందులో కొట్టేస్తాం. కస్టమర్ల పేర్లు, స్టాకు, ఎవరెంత బాకీ ఉన్నారన్న లెక్క అంతా అందులోకే చేరిపోతుంది. ఒక ఉదయం తెరవగానే 'మీ ట్రయల్ ముగిసింది' అనే బోర్డు కనిపిస్తుంది.

అప్పుడు వచ్చే మొదటి భయం, డేటా పోయిందా అని. చాలా సందర్భాల్లో వెంటనే పోదు. కానీ దాన్ని తెరిచే తాళం చెవి మీ దగ్గర ఉండకపోవచ్చు. ఆ లెక్కలను ఏళ్ల తరబడి భద్రపరచాల్సిన బాధ్యత మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీది కాదు, మీదే.

ట్రయల్ లైసెన్స్ అంటే?

సాఫ్ట్‌వేర్‌ను మనం కొన్నామని అనుకుంటాం గానీ, నిజానికి వాడుకునే అనుమతిని కొంటాం. ఆ అనుమతే లైసెన్స్. ట్రయల్ అంటే గడువు తేదీ ఉన్న అనుమతి. ఆ తేదీ దాటాక ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లోనే ఉన్నా, పూర్తిగా వాడుకునే హక్కు ఉండదు.

ఇక్కడ రెండింటిని విడిగా చూడాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీది. అందులో మీరు ఎక్కించిన లెక్కలు మీవి. గడువు తీరేది మొదటిదానికే. కాకపోతే రెండోది మొదటిదాని లోపల ఉంటుంది. చిక్కంతా అక్కడే.

గడువు దాటిన మరుసటి రోజు ఏం జరుగుతుంది?

అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేలా ప్రవర్తించవు. ప్రధానంగా ఈ రకాలు కనిపిస్తాయి.

పరిమితులతో నడిచేవి: మన దగ్గర ఎక్కువ మంది వాడే ట్యాలీప్రైమ్ ఈ కోవలోకి వస్తుంది. ట్రయల్ ముగిశాక అది ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్తుంది. అందులో నెలలో 1, 2, 31 వంటి కొన్ని తేదీలకే వోచర్లు ఎక్కించగలరు. నేర్చుకునే విద్యార్థికి అది చాలు. రోజూ అమ్మకాలున్న షాపుకు పనికిరాదు.

చూడనిచ్చి, రాయనివ్వనివి: మైక్రోసాఫ్ట్ ఆఫీస్ యాప్‌ల లైసెన్స్ ముగిస్తే ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింట్ తీసుకోవచ్చు. కొత్తవి సృష్టించడం, ఉన్నవాటిని మార్చడం కుదరదు. చాలా క్లౌడ్ అకౌంటింగ్ సర్వీసులూ ఇలాగే కొంతకాలం చూడనిస్తాయి.

ఉచిత ప్లాన్‌లోకి దించేవి: ఉచిత ప్లాన్ ఉన్న కంపెనీలు ట్రయల్ అవ్వగానే మిమ్మల్ని అందులోకి మారుస్తాయి. బిల్లులు కొట్టడం సాగుతుంది. యూజర్ల సంఖ్య, నెలకు ఇన్ని బిల్లులన్న పరిమితి, కొన్ని రిపోర్టులు మాత్రం తగ్గిపోతాయి.

ఆపేసేవి: విండోస్ సర్వర్ మూల్యాంకన వెర్షన్‌కు 180 రోజుల గడువు ఉంటుంది. అది దాటితే సర్వర్ గంటకోసారి దానంతట అదే షట్‌డౌన్ అవుతుంది. ఆఫీసు అకౌంటింగ్ మొత్తం ఆ సర్వర్ మీద పెట్టుకుంటే పని ఆగినట్టే.

అడుగుతూనే ఉండేవి: విన్‌రార్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. 40 రోజుల ట్రయల్ దాటినా పనిచేస్తుంది, కొనమని గుర్తుచేస్తూ ఉంటుంది. పనిచేస్తోంది కాబట్టి అనుమతి ఉన్నట్టు కాదు. వ్యాపారంలో అలా వాడితే లైసెన్స్ ఉల్లంఘనే.

డబ్బు కోసుకునేవి: ట్రయల్ మొదట్లోనే కార్డు లేదా యూపీఐ వివరాలు తీసుకుని ఉంటే, గడువు ముగియగానే పెయిడ్ ప్లాన్ మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ ఆగదు, ఖాతాలో డబ్బు తగ్గుతుంది.

మరి డేటా ఎక్కడుంటుంది?

ఇది సాఫ్ట్‌వేర్ ఎక్కడ నడుస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నదైతే డేటా మీ హార్డ్ డిస్క్‌లోనే ఉంటుంది. ట్రయల్ ముగిసినా, ప్రోగ్రామ్ మొరాయించినా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి దాచుకుంటే, తర్వాత లైసెన్స్ కొన్నప్పుడు మళ్లీ తెరవచ్చు. అయితే అలాంటి డేటా ఫైళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌కే అర్థమవుతాయి. ఎక్సెల్‌లో తెరిస్తే ఏమీ కనిపించదు.

క్లౌడ్‌లో, అంటే బ్రౌజర్‌లోనో మొబైల్ యాప్‌లోనో నడిచేదైతే డేటా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. గడువు ముగిశాక ఎన్నాళ్లు ఉంచుతారన్నది ఆ కంపెనీ నిబంధనల్లో రాసి ఉంటుంది. సాధారణంగా ఇది దశలవారీగా జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ బిజినెస్ సబ్‌స్క్రిప్షన్ల విషయంలో ఒక దశలో ఉద్యోగుల లాగిన్లు ఆగుతాయి. తర్వాత కొంతకాలం అడ్మిన్‌కు మాత్రమే డేటా అందుతుంది. చివరికి పూర్తిగా తొలగిస్తారు. ఆ చివరి దశ దాటితే డబ్బు కడతామన్నా డేటా తిరిగి రాదు.

అందుకే క్లౌడ్ ట్రయల్ తీసుకునేటప్పుడు 'ట్రయల్ ఎన్ని రోజులు' అన్నదానితో పాటు 'ముగిశాక డేటా ఎన్ని రోజులు ఉంచుతారు' అని కూడా చూడాలి. రెండోదే ముఖ్యం.

చట్టం ఎన్నేళ్లు దాచమంటోంది?

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు లెక్కల పుస్తకాలను, ఆ ఏడాది వార్షిక రిటర్న్ దాఖలు గడువు నుంచి 72 నెలల పాటు దాచాలని సీజీఎస్టీ చట్టం సెక్షన్ 36 చెబుతోంది. ఉదాహరణకు 2025-26 ఆర్థిక సంవత్సరానికి వార్షిక రిటర్న్ గడువు 2026 డిసెంబర్ 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2032 డిసెంబర్ 31. అప్పీలో, విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలమే దాచాల్సి రావచ్చు. పద్నాలుగు రోజుల ట్రయల్‌లో కొట్టిన బిల్లుకూ ఇదే వర్తిస్తుంది.

లెక్కలను కంప్యూటర్‌లో ఉంచుకోవచ్చు. అయితే ప్రమాదవశాత్తూ రికార్డులు పోతే సరైన సమయంలో తిరిగి తెచ్చుకునేలా ఎలక్ట్రానిక్ బ్యాకప్ ఉండాలని జీఎస్టీ నిబంధన 57 చెబుతోంది. అధికారి అడిగితే రికార్డులు చూపించాలి. 'సాఫ్ట్‌వేర్ ట్రయల్ అయిపోయిందండీ' అన్నది అక్కడ జవాబు కాదు. లెక్కలు సరిగ్గా నిర్వహించకపోయినా, దాచకపోయినా సెక్షన్ 122 కింద కనీసం రూ.10 వేల జరిమానా పడే వీలుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు ఇంకాస్త బరువు ఉంది. కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు దాచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ ఉండటం తప్పనిసరి. పేరు దగ్గరగా ఉన్నా ఈ 'ట్రయల్' వేరు. ఎవరు, ఎప్పుడు, ఏ ఎంట్రీ మార్చారో నమోదయ్యే వ్యవస్థ ఇది. ఉచిత ప్లాన్‌లోకి దిగినప్పుడు ఈ సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆడిటర్ తన నివేదికలో ఆ విషయం రాయాల్సి వస్తుంది.

రిటర్న్ గడువు దగ్గర ట్రయల్ ముగిస్తే?

నెలవారీ దాఖలు చేసేవారికి అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11. పన్ను కట్టే జీఎస్టీఆర్-3బి గడువు 20. మూడు నెలలకోసారి దాఖలు చేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు 13, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో జీఎస్టీఆర్-3బి గడువు 22.

జీఎస్టీఆర్-3బి ఆలస్యమైతే రోజుకు రూ.50, అమ్మకాలు లేని నిల్ రిటర్న్ అయితే రోజుకు రూ.20 ఆలస్య రుసుము పడుతుంది. టర్నోవర్ రూ.1.5 కోట్ల లోపు ఉన్నవారికి ఇది ఒక రిటర్న్‌కు గరిష్ఠంగా రూ.2,000. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం.

రుసుము కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. మీరు జీఎస్టీఆర్-1 వేయకపోతే మీ దగ్గర సరుకు కొన్న వ్యాపారి జీఎస్టీఆర్-2బిలో ఆ బిల్లు కనిపించదు. అతనికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. ఫోన్ మీకే వస్తుంది. రెండు నెలలు ఇలా జరిగితే మూడో నెల ఆర్డర్ వేరే షాపుకు వెళ్తుంది.

ఇంకో ఈమెయిల్‌తో కొత్త ట్రయల్ తీసుకుంటే?

చాలామంది చేసే పని ఇది. కొత్త ఖాతా అంటే ఖాళీ ఖాతా. పాత లెక్కలు అందులోకి రావు. అంతకంటే పెద్ద చిక్కు బిల్లు నంబర్లతో వస్తుంది.

వరంగల్‌లో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఏప్రిల్ 1న ట్రయల్ మొదలుపెట్టి 1 నుంచి 86 దాకా బిల్లులు కొట్టిందనుకుందాం. 15న కొత్త ఖాతా తెరిస్తే నంబర్ మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. జీఎస్టీ నిబంధన 46 ప్రకారం ఇన్వాయిస్ నంబర్ వరుసగా, 16 అక్షరాలు మించకుండా, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకుండా ఉండాలి. ఇప్పుడు ఒకే నంబర్‌తో రెండు బిల్లులు ఉన్నట్టు. జీఎస్టీఆర్-1 నింపేటప్పుడు పోర్టల్ దీన్ని డూప్లికేట్ అని ఎత్తి చూపుతుంది.

వేరే సాఫ్ట్‌వేర్‌కు మారక తప్పకపోతే సెట్టింగ్స్‌లో ప్రారంభ నంబర్‌ను 87గా పెట్టండి. లేదా నంబర్ ముందు కొత్త అక్షరం చేర్చి వేరే సిరీస్‌గా నడపండి. ఇది మొదటి బిల్లు కొట్టకముందే చేయాలి.

తేదీ వెనక్కి తిప్పితే? క్రాక్ వాడితే?

కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పితే ట్రయల్ పొడిగించవచ్చని కొందరు సలహా ఇస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లు దీన్ని పసిగడతాయి. పసిగట్టకపోయినా బిల్లుల మీద తప్పు తేదీలు పడతాయి. తేదీ సరిగ్గా లేని కంప్యూటర్‌లో బ్యాంకు, జీఎస్టీ వెబ్‌సైట్లు కూడా సరిగ్గా తెరుచుకోవు.

క్రాక్ వెర్షన్ మరీ ప్రమాదం. కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా ఉంటాయి. వ్యాపారం కోసం కాని వాడకానికి కోర్టు జైలు శిక్ష మినహాయించే వీలుంది. షాపు లెక్కలకు వాడినవారికి ఆ వెసులుబాటు ఉండదు. పైగా క్రాక్‌తో పాటు మాల్‌వేర్ వస్తే కస్టమర్ల వివరాలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు రెండూ పోతాయి.

అడగకుండా డబ్బు కోసుకుంటే?

ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ఈ-మ్యాండేట్‌లకు రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి. అందులో ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది ఉండాలి. వద్దనుకుంటే ఆపే వీలు ఉండాలి. సాధారణ సబ్‌స్క్రిప్షన్లకు రూ.15 వేలు దాటితే ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. అంతకు లోపైతే ఓటీపీ లేకుండానే కట్ అవుతుందని గుర్తుంచుకోండి.

యూపీఐ యాప్‌లో 'ఆటోపే' విభాగానికి వెళ్తే మీరు ఇచ్చిన మ్యాండేట్‌లన్నీ కనిపిస్తాయి. అక్కడే రద్దు చేయొచ్చు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన మ్యాండేట్ రద్దు కాదు.

2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మాయలను నిషేధించాయి. వాటిలో ఒకటి సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు. రద్దు చేసే దారిని దాచడం, ఉచిత సేవ కోసం కార్డు వివరాలు, ఆటో డెబిట్ అనుమతి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టడం ఇందులోకి వస్తాయి. ఇలాంటి వాటిపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. ముందస్తు సమాచారం లేకుండానే డబ్బు పోతే ముందు మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో స్పందన లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

ఒక మెలిక ఉంది. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే కొనుక్కుని తానే వాడుకునేవారికి మినహాయింపు ఉంది. ఒక్కరే నడుపుకునే చిన్న షాపు యజమాని ఈ మినహాయింపును ప్రస్తావించాలి.

డబ్బు కట్టకుండా ప్రభుత్వ దారి ఏదైనా ఉందా?

ఉంది. రిటర్న్ వేయడానికి ఏ ప్రైవేటు సాఫ్ట్‌వేరూ తప్పనిసరి కాదు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అయి బిల్లుల వివరాలు నేరుగా నింపొచ్చు. బిల్లులు ఎక్కువైతే అదే పోర్టల్‌లోని డౌన్‌లోడ్స్ మెనూలో రిటర్న్స్ ఆఫ్‌లైన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. ఎక్సెల్ నమూనాలో వివరాలు నింపితే పోర్టల్‌కు ఎక్కించే ఫైలును అదే తయారుచేస్తుంది.

ఏడాదికి రూ.1.5 కోట్ల వరకు టర్నోవర్ ఉన్నవారి కోసం జీఎస్టీ నెట్‌వర్క్ కొన్ని సంస్థలతో ఒప్పందం చేసుకుని ఉచిత అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అందించే ఏర్పాటు కూడా చేసింది. డౌన్‌లోడ్స్ మెనూలోనే 'అకౌంటింగ్ అండ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్' కింద చూడండి. ట్రయల్ కోసం వెతికే ముందు ఇక్కడ మీకు అర్హత ఉందేమో చూసుకోవడం మంచిది.

గడువుకు మూడు రోజుల ముందు చేయాల్సినవి

- బిల్లులన్నిటినీ పీడీఎఫ్‌గా దించుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరుచుకునేది ఇదే.
- అమ్మకాలు, కొనుగోళ్లు, స్టాకు, పార్టీల బ్యాలెన్స్, ట్రయల్ బ్యాలెన్స్‌ను ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి.
- సాఫ్ట్‌వేర్ సొంత బ్యాకప్ ఫైలు కూడా తీసుకోండి. అదే సాఫ్ట్‌వేర్ కొంటే పనికొస్తుంది. అదొక్కటే ఉంటే చాలదు.
- స్కాన్ చేసి జతచేసిన కొనుగోలు బిల్లులను విడిగా దించుకోండి. చాలాచోట్ల ఎక్స్‌పోర్ట్‌లో ఇవి రావు.
- చివరి ఇన్వాయిస్ నంబర్, తేదీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.
- దించిన ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. రెండు కాపీలు రెండు చోట్ల ఉంచండి.
- కొనసాగించే ఉద్దేశం లేకపోతే మ్యాండేట్ రద్దు చేసి, రద్దయినట్టు వచ్చిన మెసేజ్ దాచుకోండి.

ఇప్పటికే గడువు దాటిపోయిందా?

కంగారుపడి సాఫ్ట్‌వేర్ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, ఖాతా డిలీట్ చేయకండి. కంప్యూటర్‌లో నడిచేదైతే ముందు డేటా ఫోల్డర్ కాపీ చేసుకోండి. క్లౌడ్‌ది అయితే లాగిన్ అయి ఎక్స్‌పోర్ట్ బటన్ ఇంకా పనిచేస్తోందేమో చూడండి. పనిచేయకపోతే డేటా ఇవ్వమని, అప్పటిదాకా తొలగించవద్దని కంపెనీ సపోర్ట్‌కు ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో అడిగితే రుజువు ఉండదు. నెలవారీ ప్లాన్ ఉంటే ఒక్క నెలకు డబ్బు కట్టి డేటా బయటకు తెచ్చుకోవడం చాలాసార్లు చౌకైన దారి. ఆ నెలకే పరిమితం కావాలంటే ఆటో రెన్యువల్ ఆఫ్ చేయడం మరవకండి.

ఈలోగా అమ్మకాలు ఆపాల్సిన పనిలేదు. నంబర్లు ముద్రించిన బిల్లు పుస్తకంతో చేతిరాత బిల్లులు ఇవ్వొచ్చు. కావాల్సిన వివరాలన్నీ ఉంటే జీఎస్టీకి అదీ చెల్లుతుంది. ఈ-ఇన్వాయిస్ తప్పనిసరైన, అంటే టర్నోవర్ రూ.5 కోట్లు దాటిన వ్యాపారాలకు మాత్రం ఇది సరిపోదు. వారు ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవాల్సిందే.

డబ్బు కట్టి కొన్నంత మాత్రాన నిశ్చింత కాదన్నదీ గుర్తుంచుకోండి. క్విక్‌బుక్స్ 2023 జనవరి 31తో భారత్‌లో సేవలు ముగించినప్పుడు డబ్బు కట్టిన వ్యాపారులు కూడా లెక్కలు వేరేచోటికి మార్చుకోవాల్సి వచ్చింది. ట్రయల్ అయినా, పెయిడ్ అయినా నెలకోసారి, జీఎస్టీఆర్-3బి వేసిన రోజునే ఆ నెల లెక్కలు దించి దాచుకునే అలవాటు పెట్టుకోండి. 2032లో ఎవరైనా అడిగినా చూపించడానికి మీ దగ్గర ఉంటాయి.